సెల్లుకి పాత చొక్కా

వినండర్రా. పాత రేడియో కావాలంటే ఇప్పటికీ దొరుకుతుంది. దాని తోలు తొడుగు దొరుకుతుంది, ఏ అటక మీదో ఏరియల్ తీగ దొరుకుతుంది, పోస్టాఫీసులో ఏటేటా డబ్బు కట్టి ముద్ర వేయించుకున్న లైసెన్సు పుస్తకం కూడా ట్రంకుపెట్టె అడుగున దొరుకుతుంది. దొరకనిదల్లా ఒక్కటే, ఆ రేడియోలో వేసిన సెల్లు. ఊళ్ళో గడప గడపకీ వచ్చిన సరుకది. నెలకో రెణ్ణెల్లకో మళ్ళీ కొన్న సరుకు. అయిపోగానే పెంటకుప్ప మీదికి విసిరేశాం. రసీదులు దాచినవాళ్ళున్నారు గానీ ఖాళీ సెల్లు దాచినవాణ్ణి నేను చూళ్ళేదు.

అందుకే మా మనవడూ, వాడిలాంటి కుర్రాళ్ళు ఇంకొందరూ ఇప్పుడు ఓ పని పెట్టుకున్నారు. పాత సెల్లు ఒంటి మీదుండే రంగుల లేబుల్‌ని కంప్యూటర్లో మళ్ళీ గీసి, అచ్చేయించి, ఈనాటి సెల్లుకి చుడతారు. పాత రేడియో వెనక మూత తీస్తే ఆనాటి సెల్లే కూర్చున్నట్టుండాలని వాళ్ళ తాపత్రయం. వీడి అమ్మేమో "బ్యాంకు పరీక్షలకి చదువుకోరా అంటే సెల్లులకి చొక్కాలు కుడుతున్నాడు" అని విసుక్కుంటుంది. నేను మాత్రం వాడి పక్షమే. కాకపోతే ఈ పనిలో నాకో పట్టింపు ఉంది. ఎందుకొచ్చిందో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి. ఆ మంట కాస్త ఎగదొయ్యండి, రాత్రి బోలెడుంది.

బందర్లో నేను రేడియోలు బాగుచేసేవాణ్ణని మీకు తెలుసు. ఆ పని నేర్చుకోకముందు, నా చిన్నతనంలో, మా ఊళ్ళో ఉన్నది పంచాయతీ రేడియో ఒక్కటే. సాయంత్రం అయ్యేసరికి అరుగు నిండా జనం. విజయవాడ స్టేషను 1948 డిసెంబరు 1న మొదలైంది. పాడిపంటల కబుర్లకీ, పాటలకీ మాకదే దిక్కు. ఆ రేడియోలో ఉన్నవి వాల్వులు. మా ఊరికి కరెంటు రాలేదు. మరి ఎట్లా పలికేదంటారా? బ్యాటరీ పెట్టె మీద. చిన్న బ్యాటరీ కాదది, రెండు చేతులా ఎత్తుకోవలసిన అట్టపెట్టె. వాల్వులోని తీగ వేడెక్కడానికి 1.5 వోల్టులు ఒక వైపు, వాల్వు పని చెయ్యడానికి 90 వోల్టులు ఇంకో వైపు. లోపల బోలెడన్ని చిన్న చిన్న అరలు ఒకదాని వెనక ఒకటి కలిపి ఉండేవి. దాని మీద అచ్చేసిన రంగుల బొమ్మ చూడ్డానికే మేం పోయేవాళ్ళం. పెట్టె ఖాళీ అయితే ఆ అట్ట ఎవరికి దక్కుతుందా అని పిల్లల్లో పోట్లాట. పుస్తకాలకి అట్టలేసుకోడానికి దాన్ని మించిన కాగితం లేదు.

తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి. ఆ కథ అమెరికాలో మొదలైంది. 1954లో రీజెన్సీ టీఆర్-1 అని జేబులో పట్టే రేడియో వచ్చింది. అది 22.5 వోల్టుల చిన్న బ్యాటరీ మీద పలికేది. 1957లో జపాన్ నుంచి సోనీ టీఆర్-63 వచ్చింది. మీరు చూసే నెత్తిన రెండు గుబ్బలుండే 9 వోల్టుల బ్యాటరీ దాన్లోదే. మన దగ్గరికి వచ్చేసరికి అంత చిన్నవాటితో మనవాళ్ళకి తృప్తి లేదు. మర్ఫీ, బుష్, ఫిలిప్స్, నెల్కో, ఏదైనా సరే బల్ల మీద పెడితే నిండుగా కనపడాలి, నాలుగు వీధులకి వినపడాలి. అందుకని వాటికి పెద్ద సెల్లులే. ఒక్కోటి 1.5 వోల్టులు, రెండు వేస్తే 3, నాలుగు వేస్తే 6.

ఆ పెద్ద సెల్లే టార్చిలైటులోనూ పట్టేది. సెల్లు బతుకంతా అక్కడే ఉంది, కాస్త వివరంగా చెబుతాను. టార్చి బల్బు దగ్గర దగ్గర 300 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. రేడియో గొంతు తగ్గించి పెడితే 20, 30 లాగితే ఎక్కువ. అంచేత టార్చిలో గుడ్డి వెలుతురు ఇచ్చే సెల్లు కూడా రేడియోలో ఇంకో నెల పాడుతుంది. కొత్త సెల్లు ముందు టార్చిలో వెయ్యాలి, వెలుతురు ఎర్రబడగానే రేడియోలోకి మార్చాలి. తెలిసిన ఇల్లాలు అట్లాగే చేసేది. తెలియని మగాడు రెంటికీ కొత్తవి కొనేవాడు. మా వ్యాపారం అలాంటి మగవాళ్ళ వల్లే నడిచిందనుకోండి.

సెల్లు నీరసించేకొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది. అప్పుడు రేడియో మెల్లగా మాట్లాడితే బాగానే ఉంటుంది, గొంతు పెంచితే జీర వస్తుంది. డెబ్భైల్లో ఆదివారం మధ్యాహ్నం విజయవాడ నుంచి ఉషశ్రీగారు పురాణం చెబుతుంటే ఇంటిల్లిపాదీ రేడియో ముందే. ఆయన గొంతు గంభీరం. భీముడో దుర్యోధనుడో గద ఎత్తే ఘట్టం రాగానే ఆ గంభీరానికి మన సెల్లు తట్టుకోలేక గరగరమనేది. "ఒరేయ్, టార్చిలోవి పట్రా" అని కేక. ఇంకో ఉపాయం, సెల్లులు తీసి ఎండలో పెట్టడం. ఒడియాల పక్కన సెల్లులు ఎండుతున్న డాబాలు మీకు చూపించలేను గానీ ఊహించుకోండి. వేడికి లోపలి రసాయనం చురుకెక్కి కాసేపు పుంజుకుంటుంది, నిజమే. కానీ లోపలి తడి ఆరిపోతుంది, జింకు తొందరగా తరిగిపోతుంది. మేకుతో చిల్లి పొడిచి ఉప్పునీళ్ళు పోసే ఘనులూ ఉండేవాళ్ళు. ఆ సెల్లు రెండు రోజులు పాడి, మూడో రోజు రేడియో స్ప్రింగుని కూడా తనతో తీసుకుపోయేది.

పిల్లలకి ఖాళీ సెల్లే ఆస్తి. రాయితో పగలగొట్టి మధ్యలో ఉన్న నల్ల కడ్డీ తీసుకునేవాళ్ళం. అది బొగ్గు కడ్డీ, ధనధ్రువం. గోడలన్నీ దాంతోనే గీసేవాళ్ళం. దాని చుట్టూ ఉండే నల్ల పొడిలో మాంగనీసు డయాక్సైడు ఉంటుంది, నవసాగరం తడి ఉంటుంది. బయటి డబ్బా జింకు, అది ఋణధ్రువం. ఆ అమరిక 1866లో లెక్లాంషే అనే ఫ్రెంచాయన గాజు సీసాలో పెట్టినదే. తర్వాతివాళ్ళు దాన్ని ఒలకని ముద్దగా చేసి డబ్బాలోకి ఎక్కించారు. మీరు మాత్రం పగలగొట్టకండి. పాతవాటిలో జింకు తరిగిపోకుండా పాదరసం కొద్దిగా కలిపేవాళ్ళు.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. దాని సంగతి మీరు చాలాసార్లు విన్నారు, ఇవాళ మళ్ళీ చెప్పను. సెల్లు మట్టుకు చెబుతాను. కరెంటు స్తంభాలు ఎక్కడివక్కడ పడిపోయాయి. ఎవరు బతికారో, ఏ సాయం ఎటునుంచి వస్తోందో చెప్పింది రేడియో. రాత్రిపూట బురదలో దారి చూపింది టార్చి. కొట్లలో సెల్లులు అయిపోయాయి. మేం కొట్టులో మూల పడేసిన పాత సెల్లులన్నీ బయటికి తీసి, బల్బు పెట్టి చూసి, కాస్త ఊపిరున్నవాటిని ఏరి ఇచ్చాం. నానిపోయినవాటికి లేబుళ్ళు ఊడిపోయాయి. ఏ కంపెనీదో ఎవడికి కావాలి? వెలిగితే చాలు.

ఇక నా పట్టింపు దగ్గరికి వస్తున్నా.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఓ తిరణాల్లో సెల్లులు చవగ్గా అమ్ముతున్నారని మా ఊరి రైతు ఒకాయన అరడజను కొన్నాడు. చూడ్డానికి కొత్తవే. తళతళలాడే లేబుల్, పేరున్న బొమ్మ. ఇంటికెళ్ళి టార్చిలో వేస్తే మిణుగురు పాటి వెలుతురు కూడా లేదు. టార్చి పాడైందని నా దగ్గరికి తెచ్చాడు. టార్చి శుభ్రంగా ఉంది. సెల్లుని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. ముందు పట్టించింది అతుకు. కంపెనీ వేసే అతుకు నిలువునా గీత గీసినట్టు ఉంటుంది. ఇది పక్కకి పోయింది. వాసన చూస్తే మైదా జిగురు. నెత్తి మీద ఇత్తడి టోపీ చుట్టూ పోసిన తారు పగిలి ఉంది. గోటితో లేబుల్ లేపితే కింద ఇంకో లేబుల్, తుప్పు మరకలతో. అంటే వాడి పారేసిన సెల్లులు ఏరుకొచ్చి, కొత్త చొక్కా తొడిగి, సంతలో పెట్టాడన్నమాట ఎవడో పుణ్యాత్ముడు. ఆ రైతు రాత్రి పొలానికి నీళ్ళు పెట్టుకోడానికి పోయే మనిషి. గట్ల మీద పాములుండే కాలం. అరడజను సెల్లుల డబ్బు పోతే పోయింది, చీకట్లో కాలు ఎక్కడ పెట్టేవాడో ఆలోచించండి.

అంచేత సెల్లుకి చొక్కా మార్చే విద్య కొత్తదేం కాదు. మోసగాడికీ మా మనవడికీ చేతిపని ఒకటే. తేడా ఉండాల్సింది మరో చోట. అది వాడికి నేను నేర్పాను, మీకూ చెబుతాను. ముందు ఆ లేబుల్ అంటే ఏమిటో చూడండి.

మొదట్లో సెల్లు మీద ఉన్నది ఉత్త అట్ట చుట్టే. జింకు తరిగిపోయి లోపలి తడి బయటికొస్తే అట్ట నాని, ఉబ్బి, రేడియోలో ఇరుక్కుపోయేది. సెల్లు బయటికి రాక పెట్టెనే పగలగొట్టుకున్నవాళ్ళున్నారు. ఆ బాధ తీర్చడానికి అట్ట మీద రేకు తొడుగు తెచ్చారు. ఆ రేకు మీద బొమ్మ అచ్చేసే పద్ధతి మన పెడన కలంకారీ అద్దకం లాంటిదే, రంగుకో అచ్చు. ఎరుపు ఒకసారి, నలుపు ఒకసారి, నీలం ఒకసారి. ఒక రంగు ఆరాకే ఇంకోటి. చుక్కలు చుక్కలుగా కాక, ఎరుపంటే నిండు ఎరుపు. ఇంకో రహస్యం, వెండి రంగులా మెరిసే చోట అసలు రంగే వెయ్యలేదు. రేకునే ఖాళీగా వదిలి పైన వార్నిష్ పూశారు. ఇది తెలియని కుర్రాళ్ళు మామూలు కాగితం మీద బూడిదరంగు అచ్చేసి "తాతయ్యా, ఎందుకో చచ్చినట్టుంది" అంటారు. చచ్చినట్టుండక ఏమవుతుంది? అక్కడుండాల్సింది లోహం.

బొమ్మల్లో రారాజు ఎవరెడీ పిల్లి. 9 అంకె లోంచి దూకుతూ ఉంటుంది. పిల్లికి తొమ్మిది ప్రాణాలని తెల్లవాళ్ళ నమ్మకం, సెల్లుకీ అన్ని ప్రాణాలని వాళ్ళ గొప్ప. మనవాళ్ళ సంగతి చూడండి: పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరిగి, కాసిని మంచినీళ్ళు తాగి బయల్దేరే మనుషులు అదే పిల్లిని రెండు మూడు వరసగా టార్చిలో పెట్టుకుని అర్ధరాత్రి ప్రయాణాలు చేశారు. ఎవరికీ అపశకునం తోచలేదు! నిప్పో వచ్చింది తర్వాత. 1972లో పెట్టిన ఇండో నేషనల్ కంపెనీది; జపాన్ సాంకేతిక సహకారం, కార్ఖానా మన నెల్లూరు జిల్లాలో. నోవినో బరోడా నుంచి వచ్చేది. ఎవరెడీకి హైదరాబాదు మౌలాలిలో కార్ఖానా ఉండేది.

బొమ్మ అందరూ చూస్తారు. నేను కింద చీమ తలకాయంత అక్షరాలు చూస్తాను. కాలం చెప్పేది అవే. ఎవరెడీ సెల్లు మీద కంపెనీ పేరు నేషనల్ కార్బన్ అని ఉందా, అది పాతది, 1959 ముందరి సంగతి. ఆ ఏడు పేరు యూనియన్ కార్బైడ్ ఇండియా అని మార్చుకున్నారు. 1994లో ఆ అమెరికా కంపెనీ తన వాటా కలకత్తా వాళ్ళకి అమ్మేసింది, మరుసటేడు ఎవరెడీ ఇండస్ట్రీస్ అయింది. "గివ్ మీ రెడ్" అంటూ టీవీలో ఊదరగొట్టిన ఎర్ర సెల్లు ప్రకటన 1992లోది. ఇప్పుడు ఒకడు మర్ఫీ వాల్వుల కాలపు రేడియోకి ఆ ఎర్ర సెల్లు లేబుల్ చుట్టాడనుకోండి, కాలం తెలిసినవాడు నవ్వుతాడు. అట్లాగే డెబ్భైల లేబుల్ మీద గీతల బార్ కోడ్ ఉండకూడదు, పాదరసం లేదని రాసి ఉండకూడదు. ఆ రెండూ మన సెల్లుల మీదికి వచ్చింది ఆ తర్వాతే.

ఆ యూనియన్ కార్బైడే భోపాల్‌ది కూడా. 1984 డిసెంబరు 2 రాత్రి, తెల్లారితే 3, విషవాయువు ఊరి మీద పడ్డ సంగతి. పేపర్లో ఆ పేరు చదివి, కొట్టులో బల్ల మీదున్న సెల్లు తిప్పి చూస్తే దాని మీదా అదే పేరు. ఆ రోజు కొట్టుకి వచ్చినవాళ్ళకి చూపిస్తే ఒకాయన సెల్లు కొనకుండానే వెళ్ళిపోయాడు. ఇంకొకాయన కొనుక్కున్నాడు, ఇంట్లో చీకటి మరి. మనవడు ఎనభైల లేబుల్ గీస్తూ అడిగాడు, "ఈ పేరు తీసేద్దామా తాతయ్యా, చూస్తే బాగుండదేమో" అని. తియ్యొద్దన్నాను. పిల్లిని ఉంచి పేరు తీసేస్తే అది లేబుల్ కాదు, ప్రకటన.

సరే, పని ఎట్లా చెయ్యాలో మా వాడికి చెప్పినట్టే చెబుతాను, వినండి. ముందు కొలత. పెద్ద సెల్లు అడ్డకొలత 34 మిల్లీమీటర్ల దగ్గరుంటుంది, ఎత్తు నెత్తి గుబ్బతో కలిపి 61.5. చుట్టుకొలత 107 దాకా వస్తుంది, అతుక్కి 4 కలుపుకో. పెన్సిల్ సెల్లు 14.5 అడ్డం, 50.5 ఎత్తు. పుస్తకంలో అంకె నమ్మి కత్తెర పట్టుకోకు. నువ్వు చుట్టబోయే సెల్లుకే దారం చుట్టి స్కేలు మీద పెట్టు. పాత సెల్లు దొరికితే ఒక్క ఫొటో చాలదు. గుండ్రటి వస్తువుని ఎదురుగా తీస్తే పక్కల అక్షరాలు నొక్కుకుపోతాయి. కొద్ది కొద్దిగా తిప్పుతూ ఎనిమిదో పదో ఫొటోలు తీసి, ఒక్కోదాన్లో నడిమి పట్టీ మాత్రం తీసుకుని పక్క పక్కన అతకాలి. దాని మీద గీతలు కొత్తగా గియ్యాలి. ఉన్న ఫొటోనే అచ్చేస్తే తుప్పు, గీతలు, మరకలు కూడా అచ్చవుతాయి.

రంగు దగ్గరే అందరూ దెబ్బతింటారు. ఎండకి ముందు ఎగిరిపోయేది ఎరుపు. కిటికీలో ఏళ్ళ తరబడి కూర్చున్న సెల్లు నారింజ రంగుకి దిగుతుంది. దాన్ని చూసి గీసినవాడు నారింజ సెల్లే చేస్తాడు. అసలు రంగు కావాలంటే అతుకు లేపి చూడు. రెండు అంచులు ఒకదాని మీద ఒకటి పడ్డ చోట కింది అంచుకి వెలుతురు తగల్లేదు. అచ్చయిన నాటి ఎరుపు అక్కడ వేలెడు పట్టీలో మిగిలి ఉంటుంది. ఆనాడు మోసగాణ్ణి పట్టిచ్చిందీ అతుకే, ఈనాడు రంగు చెప్పేదీ అతుకే.

అచ్చు ఎక్కడ వెయ్యాలంటే, ఇంట్లో సిరా చల్లే ప్రింటరులో వద్దు. తడిచెయ్యి తగిలితే కారుతుంది, భూతద్దం పెడితే చుక్కలు కనపడతాయి, దానికి వెండి రంగు రాదు. పెళ్ళి శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ కొట్టుకి పో. రంగుకో తెర కడతారు, రంగు నిండుగా దిగుతుంది, పాత అచ్చుకి అదే దగ్గర. వెండి పూత ఉన్న స్టిక్కరు కాగితం తీసుకెళితే రేకు మెరుపు దానంతటదే వస్తుంది. మా వాడు వెళితే ఆ కొట్టాయన "ఎవరి పెళ్ళి బాబూ" అని అడిగాడట. పిల్లి బొమ్మ చూసి ఇంకేం అడగలేదు.

ఒక ప్రమాదం ఉంది, చెవిలో వేసుకోండి. పాత సెల్లులో బయటి డబ్బా జింకు, అది ఋణధ్రువం. ఈనాటి ఆల్కలైన్ సెల్లులో లెక్క తిరగబడింది. బయటి ఉక్కు డబ్బా ధనధ్రువం, దాని మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఒక్కటే అడ్డు. లావు తగ్గించాలని ఆ పొర గీకి పారేసి వెండి స్టిక్కరు చుట్టావా, అడుగున ఉన్న ఋణధ్రువానికి ఆ పూత తగిలి సెల్లు వేడెక్కిపోతుంది. లోహపు టార్చి గొట్టంలో వేస్తే ఇంకా చెడ్డ. కంపెనీ వేసిన పొర జోలికి పోకుండా దాని మీదే చుట్టాలి, కింద మీద అంచులు కాస్త లోపలికే ఆపాలి, అడుగున ఉండే చిన్న గాలిరంధ్రాలు మూసెయ్యకూడదు. రేడియోలో బిగుతైతే కాగితం పల్చంది వెతుక్కో, సెల్లు చర్మం వలవకు.

పంచాయతీ రేడియోలో ఉండే పెద్ద బ్యాటరీ పెట్టె ఇప్పుడు ఏ కొట్టులోనూ లేదు. దానికి విదేశాల్లో ముసలి రేడియోల ప్రియులు పట్టిన దారి బాగుంది. 9 వోల్టుల బ్యాటరీలు పది తీసుకుని ఒకదాని గుబ్బలు ఒకదానికి తగిలిస్తూ పోతే 90 వోల్టులు. పక్కన పెద్ద సెల్లుల ధనధ్రువాలన్నీ ఒకచోట, ఋణధ్రువాలన్నీ ఒకచోట కలిపితే 1.5 వోల్టులు. రెంటినీ పాత కొలతల అట్టపెట్టెలో దాచి, పైన ఆనాటి లేబుల్. రేడియో వాల్వులతోనే పలుకుతుంది, పెట్టె ఆనాటిలాగే కనపడుతుంది. కానీ 90 వోల్టులు చెయ్యి జివ్వుమనిపిస్తాయి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. ఆ 90ని పొరపాటున 1.5 వైపు తగిలించారో, వాల్వులన్నీ ఒక్క క్షణంలో మాడిపోతాయి. వాల్వులు మళ్ళీ ఎక్కడ తెస్తారు?

జేబు రేడియోలకీ, 1979లో వచ్చిన సోనీ వాక్‌మన్‌కీ ఇంత తంటా లేదు. వాక్‌మన్‌కి పెన్సిల్ సెల్లులు రెండే. చుట్టు, వెయ్యి, విను.

ఇప్పుడు నా పట్టింపు. కొత్తగా చేసిన ప్రతి లేబుల్ మీద, అతుకు పక్కన, ఇది మళ్ళీ చేసినదని, చేసిన ఏడు ఫలానా అని తెలుగులో రాసి ఉండాలి. లోపలున్న సెల్లు ఏ రకమో కూడా ఉండాలి. రేడియో ముందు కూర్చున్నవాడికి కనపడనక్కర్లేదు, సెల్లు చేతిలోకి తీసుకున్నవాడికి కనపడాలి. మనవడు మొదట ఒప్పుకోలేదు. "అంతా అచ్చు పాతదానిలా చేశాక ఈ ముక్క పెడితే ఏం బాగుంటుంది" అన్నాడు. బాగుండటం సంగతి అటుంచి, రేపు వీడి సెల్లు చేతులు మారి పాత సామాన్ల సంతకి చేరుతుంది, ఎవడో వేల రూపాయలు పోసి అసలుదనుకుని కొంటాడు. అప్పుడు వీడికీ ఆ తిరణాల వాడికీ తేడా ఏమిటి? ఎవరెడీ, నిప్పో ఇప్పటికీ అమ్ముడుపోతున్న పేర్లు. వాటి గుర్తులు వాళ్ళ సొత్తు. మన రేడియోకి మనం చుట్టుకోవడం వేరు, అచ్చేసి అమ్ముకోవడం వేరు. సినిమావాళ్ళు డెబ్భైల ఇల్లు చూపించడానికి అడిగారని మా వాడు కొన్ని చేసిచ్చాడు, ఆ ముక్క వాటి మీదా ఉంది. కెమెరాకి కనపడలేదు, వాళ్ళకీ అడ్డు రాలేదు.

ఇంతకీ మీరంతా చెయ్యవలసింది ఒకటుంది. రేపు ఇళ్ళకి వెళ్ళాక అటకలు వెతకండి. పాత రేడియోనో, టార్చో, టేపు రికార్డరో కనపడితే వెనక మూత తీసి చూడండి. లోపల సెల్లు మరిచిపోయి ఉంటే వెంటనే తియ్యండి. అది కారుతూ ఉంటే రోజు రోజుకీ స్ప్రింగునీ, లోపలి బోర్డునీ తినేస్తూనే ఉంటుంది. పాత రకం సెల్లు కారినచోట వంటసోడా కలిపిన తడిగుడ్డతో తుడవండి, ఆల్కలైన్ కారినచోట నిమ్మరసంతో. తర్వాత పొడిగుడ్డతో అద్ది బాగా ఆరనివ్వండి. సెల్లుని మాత్రం ఈసారి పెంటకుప్ప మీదికి విసరకండి. లేబుల్ మీద నీళ్ళు పడకుండా చూసి, పక్కన స్కేలు పెట్టి, తిప్పుతూ ఫొటోలు తీసి మా వాడికి పంపండి. ఆ తర్వాత పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చెయ్యండి.